ముందిచ్చినవారికి మాట బాకీ

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేను పండితుడను కాను. పగలు ఊరి జమాఖర్చులు వ్రాయుచు, రాత్రులు ఈ గ్రంథాలయమునుండి పుస్తకములు తీసికొనిపోయి, భారత భాగవతములను నాకు నేనే కూడబలుకుకొని చదివినవాడను. అట్టి నన్ను ఈ సభలో మాటాడుమని కార్యవర్గమువారు ఆజ్ఞాపించిరి. ఏ ప్రాచీన కవిని గూర్చియో చెప్పుదునని తాము తలచియుందురు. కాని నేను చెప్పబోవునది ఆటలను గూర్చి. ఆ ఆటలు పుట్టకమునుపే వానికై సొమ్మిచ్చి ఎదురుచూచువారిని గూర్చి. ఇది మనకెందుకని అనుకొనవలదు. ఈ విషయము తిరిగి తిరిగి చివరకు మన గ్రంథాలయపు గడపయొద్దకే వచ్చును.

గడచిన వేసవిలో ఒక సాయంకాలము మన పఠనమందిరపు అరుగుమీద ముగ్గురు యువకులు వాదులాడుచుండిరి. వారిలో నొకడు హైదరాబాదులో ఉద్యోగము చేయుచు సెలవులకు వచ్చినవాడు. విదేశమున తయారగుచున్న ఒక కంప్యూటరు ఆటకై ముందుగా పైకము పంపియుండెను. ఇత్తుమన్న గడువు దాటి రెండేండ్లయినది. "ఆలస్యమైతే కానియ్యి మామా, ఏడాది నుంచి ఒక్క ముక్క చెప్పుత లేరు" అని అతడు నాతో మొరపెట్టుకొనెను. రెండవవాడు "ఇచ్చేసినంక అడిగే హక్కు నీకేడిది?" అనెను. మూడవవాడు "పైసలు మనయి, కథ గూడ మనం చెప్పినట్టే రాయాలె" అనెను. ముగ్గురి మాటలును నా మనస్సున నాటుకొనినవి. ముగ్గురిలో ఎవ్వడు న్యాయము చెప్పెనో తేల్చుటయే నా నేటి ప్రయత్నము.

ముందుగా ఆ ఆట స్వరూపము చెప్పెదను. దీనిని పాత్రధారణ క్రీడ అనవచ్చును. 1974లో అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు 'డన్‌జియన్స్ అండ్ డ్రాగన్స్' అను ఆటను వెలువరించిరి. నలుగురైదుగురు బల్లచుట్టు కూర్చుందురు. ఒకడు కథ నడుపును. తక్కినవారిలో ఒకడు యోధుడు, ఒకడు మాంత్రికుడు, ఒకడు దొంగ. ఇట్లు తలకొక వేషము. రంగు పూసికొనుట యుండదు. ఆ పాత్రయై ఆలోచించుటయే వేషము. ఏమి చేయదలచినదియు ఆటగాడు చెప్పును, అది ఫలించునో లేదో పాచికలు తేల్చును. విరాటుని కొలువున భీముడు వంటవాడై, అర్జునుడు బృహన్నలయై ఏడాది గడపినట్లు, ఆటగాడును ఆ కొన్ని గడియలు మరియొకడై మెలగును. తరువాత ఈ ఆట కంప్యూటరులోనికి వచ్చెను. అందు ఆటగాడు ఒక త్రోవను ఎన్నుకొనినచో ఒక కథ, వేరొక త్రోవను ఎన్నుకొనినచో మరియొక కథ. కావున వ్రాయువాడు ఒక కథకు పది కథలు వ్రాయవలెను. ఇట్టి ఆటల అంచనాలు తప్పుటకు ముఖ్యకారణ మిదియే.

వేషము మనకు క్రొత్త కాదు. వేషమునకై ఊరు పైకమిచ్చుటయు క్రొత్త కాదు. నా బాల్యమున భాగవతము కట్టవలెనన్నచో ఒక పంతులును పిలిపించి, రెండు మూడు నెలలు రాత్రిపూట మనవారే పాటలు, అడుగులు నేర్చుకొనెడివారు. పంతులు భోజనమునకు ఇంటింట జొన్నలు, బియ్యము పోగుచేసెడివారు. ఆటనాటి రాత్రి చదివింపులు. "ఫలానావారు రెండు రూపాయలు చదివించినారు" అని హాస్యగాడు గొంతెత్తి చెప్పగా, ఇచ్చినవాని ముఖము వెలుగులో కనబడకపోయినను అతని పేరు ఊరంతయు వినెడిది. అప్పుడు "మా బియ్యమేమాయెను, ఆట ఎంతవరకు వచ్చినది" అని ఎవ్వరును అడుగలేదు. ఏల? అభ్యాసము ఊరి నడుమ, అందరి కన్నులయెదుట జరిగెడిది. ఈ రోజు రాముడు పద్యము తప్పెను, ఈ రోజు సరిచేసికొనెను అని పొలమునుండి వచ్చువాడును చూచిపోయెడివాడు. చూపు ఉన్నచోట ఉత్తరముతో పనిలేదు.

దూరమునుండి ఇచ్చువారికి ఆ చూపు ఉండదు. 1976లో శ్యామ్ బెనెగల్ 'మంథన్' అను చిత్రమును తీసినపుడు గుజరాతులోని 5 లక్షలమంది పాడిరైతులు తలకు 2 రూపాయలు వేసి పెట్టుబడి పెట్టిరి. ఆయన మన హైదరాబాదు ప్రాంతమున పుట్టినవాడే. అక్కడ కథ రైతులదే, సంఘము రైతులదే. కాని 2009లో అమెరికాలో 'కిక్‌స్టార్టర్' అను సంస్థ వెలసిన తరువాత, ముఖమెరుగనివారు ముఖమెరుగనివారికి చందాలిచ్చు పద్ధతి ప్రబలినది. చేయదలచినవాడు కావలసిన మొత్తమును, గడువును ప్రకటించును. గడువులోపల అంతయు పోగైనచో సొమ్ము చేతికి వచ్చును. లేనిచో ఎవ్వరి సొమ్మును కదలదు. పూనాలోని కళాకారులు 'రాజీ' అను భారతీయ సాహసక్రీడకై 2017లో ఇట్లే చందాలడిగి, అనుకొన్న మొత్తము రాక విఫలులైరి. అయినను పట్టు విడువక 2020లో ఆ ఆటను వెలువరించిరి.

పాత్రధారణ క్రీడలలో రెండు ఉదాహరణములు చూడుడు. 2012లో అబ్సిడియన్ అను సంస్థ 11 లక్షల డాలర్లు అడుగగా, 73 వేలమందికి పైగా పోషకులు దాదాపు 40 లక్షల డాలర్లు ఇచ్చిరి. సొమ్ము పెరిగినకొలది వాగ్దానములును పెరిగినవి. ఇంత వచ్చినచో రెండవ మహానగరము. ఇందరు చేరినచో భూగర్భదుర్గమునకు మరియొక అంతస్తు. ఆ అంతస్తులు చివరకు 15 అయినవి! ఇల్లు కట్టించినవారికి ఈ లెక్క తెలియును: వసారా ఒకటి చేర్చినచో దూలములు, తలుపులు, కూలి అన్నియు చేరును. 2014 ఏప్రిల్‌లో ఇత్తుమన్న ఆట 2015 మార్చిలో 'పిల్లర్స్ ఆఫ్ ఎటర్నిటీ' అను పేర వచ్చెను. ఏడాది ఆలస్యము. అయినను పోషకులలో పెద్ద కలత పుట్టలేదు. ఏలన, ఆ సంస్థవారు తరచుగా ఉత్తరములు వ్రాసి, ఏ భాగము ముగిసినది, ఏ చిత్రము మారినది, ఏ పద్ధతి ఎందుకు విడిచితిమి అని తెలుపుచు వచ్చిరి. మన పంతులు ఊరి నడుమ అభ్యాసము చేయించినట్లే వీరును కాగితముమీద చేయించిరి.

రెండవది 'టార్మెంట్: టైడ్స్ ఆఫ్ న్యూమెనేరా'. ఇన్‌ఎక్జైల్ అను సంస్థ 2013లో 41 లక్షల డాలర్లకు పైగా పోగుచేసెను. ఆట 2017 ఫిబ్రవరిలో వెలువడెను. దానికి కొలదికాలము ముందు, వాగ్దానము చేసిన ఇటాలియను అనువాదము లేదనియు, కొన్ని పాత్రలును హంగులును విడువబడినవనియు పోషకులకు తెలిసెను. విడుచుటకు కారణము లుండవచ్చును. మంచి గ్రంథకర్త వ్రాసినదానిలో సగము కొట్టివేయును. కాని ఆ ఆట ఇటాలియనులో వచ్చునని నమ్మి డబ్బిచ్చినవాని కష్టము వేరు. కొట్టివేతకన్న, కొట్టివేసిననాడే చెప్పకపోవుట వారిని నొప్పించెను. ముందుగా చెప్పకపోవుట తమ తప్పేయని ఆ సంస్థవారు ఒప్పుకొనిరి. చెడ్డవార్త కర్త నోటనే మొదట వినబడవలెను. ఇతరుల నోట వినబడినచో అది రెట్టింపు చెడ్డదగును.

ఉత్తరములుండినంత మాత్రమున బాకీ తీరునా? తీరదు. 'స్టార్ సిటిజన్' అను ఆట 2012లో చందాలతో మొదలైనది. 2024 నాటికి పోగైన సొమ్ము 70 కోట్ల డాలర్లు దాటినది. అసంపూర్ణరూపమున ఆడుకొనుటకు ఇచ్చిరి, ఉత్తరములును ఎడతెగక వచ్చుచున్నవి. కాని 2025 ముగియునాటికిని పూర్తియైన ఆట రాలేదు. చిట్టాలో ప్రతిదినము వ్రాయుట మంచిదే. కాని ఆవర్జాలో ఎన్నడో ఒకనాడు నిలువ తేల్చవలెను.

ఇక పోషకుల పక్షము. 'పిల్లర్స్ ఆఫ్ ఎటర్నిటీ'లో ఎక్కువ సొమ్మిచ్చినవారి మాటలను సమాధి ఫలకములమీద చెక్కిరి. వారు కల్పించిన మనుష్యులను వీధులలో నిలిపిరి. ఇవి చదివింపులే గదా! అయితే ఆ మనుష్యుల గాథలకు అసలు కథతో సంబంధము లేక రసభంగమగుచున్నదని ఆడినవారిలో అనేకులు విసుగుకొనిరి. మన భాగవతములో కూడ హరిశ్చంద్రుడు కాటిలో నిలిచి శోకించుచుండగా "ఫలానావారు అయిదు రూపాయలు" అని కేక వేసినచో ఏడ్చువాని కన్నీరు ఇంకిపోవును. ఇచ్చినవానికి పేరు దక్కవలెను. కథ నడుపు అధికారము దక్కరాదు. కర్తను నోటికి వచ్చినట్లు తిట్టు అధికారము అంతకన్నను లేదు. కనుక అరుగుమీది మూడవవాని మాటను త్రోసివేయుచున్నాను.

రెండవవాని మాటయు నిలువదు. ఇచ్చినంతనే బంధము తెగునా? నన్నయభట్టారకుడు 11వ శతాబ్దమున రాజరాజనరేంద్రుని కోరికపై భారతము మొదలిడి, అరణ్యపర్వము నడుమ విడిచెను. తిక్కన విరాటపర్వమునుండి కడవరకు వ్రాసెను. మిగిలిన అరణ్యపర్వశేషమును 14వ శతాబ్దమున ఎఱ్ఱన పూరించెను. ఎఱ్ఱనకు ఆశ్రయమిచ్చినవాడు ప్రోలయ వేమారెడ్డి. అయినను ఆ శేషమును ఎఱ్ఱన అంకితము చేసినది రాజరాజనరేంద్రునికే! అడుగుటకు ఆ రాజు లేడు, చెప్పుటకు నన్నయ లేడు. దాదాపు మూడువందల యేండ్లు గడచినవి. అయినను ఎవ్వని కోరికపై పని మొదలైనదో వానిపేరనే ముగించెను. లెక్కలు వ్రాయువాడనగుటచే ఈ ఘట్టము తలచినపుడెల్ల నాకు ఒడలు పులకించును. ఇంతకన్న చక్కగా తీరిన బాకీని నేనెరుగను.

ఇట్లు ఇతరుల లెక్కలు తీసితిని. ఇక నా లెక్క చెప్పవలెను.

ఈ పఠనమందిరము కట్టునాడు చందాల పుస్తకము నాచేతనే ఉండెను. గోడలు లేచిన తరువాత సొమ్ము చాలక పని ఆగెను. మరికొంత పోగైనపుడు, స్లాబు పడిన తరువాత అందరికిని ఒక్కమారే చెప్పుదమని ఊరకుంటిని. పైసా చెడలేదు, పుస్తకము నిక్కచ్చిగా ఉండెను. కాని ఆ పుస్తకము నా పెట్టెలోనే ఉండెను. పదునాలుగు నెలలు గడచినవి. హోటలు బల్లలయొద్ద గుసగుసలు మొదలైనవి. నాకు రోషము వచ్చెను; నన్ను శంకింతురా యని మరింత మౌనము వహించితిని.

ఒకనాడు కూలికిపోవు ఒక అవ్వ నన్ను త్రోవలో నిలిపెను. ఆమె యాభై రూపాయలిచ్చియుండెను. "నీ డబ్బు వాపసు కావలెనా?" అని కటువుగా అడిగితిని. ఆమె ఇట్లనెను: "పైసలడుగుత లేను బిడ్డా. గోడ యాడిదాక వచ్చిందో చెప్పుమంటున్న."

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. మరునాడు ఉదయమే బడినుండి ఒక నల్లబల్ల తెచ్చి ఇక్కడి వేపచెట్టునకు ఆనించి, జమ ఇంత, ఖర్చు ఇంత, నిలువ ఇంత, స్లాబునకు తక్కువైనది ఇంత, గోడలు తలుపుపై ఎత్తువరకు వచ్చినవి అని సుద్దతో వ్రాసితిని. పదునాలుగు నెలలు చెప్పకపోవుట నా తప్పేయని క్రింద వ్రాసితిని. ఆ వరుస వ్రాయుటకే చేయి వణకెను. అప్పటినుండి ప్రతి ఆదివారము బల్ల తుడిచి క్రొత్తలెక్క వ్రాసితిని. అవ్వకు చదువు రాదు. మనుమని వెంటబెట్టుకొనివచ్చి చదివించుకొని పోయెడిది. శంకించినవారిలోనే ఇరువురు ఇసుక తోలించిరి, ఒక మేస్త్రీ మూడుదినముల కూలి విడిచెను. సొమ్ము తెచ్చినది నా నిజాయితీ కాదు. అది మొదటినుండి ఉన్నదే. దానిని వెలుపల పెట్టిన నల్లబల్లయే తెచ్చినది.

కావున అరుగుమీది వాదమునకు నా తీర్పు ఇది. మొదటివాడే న్యాయము చెప్పెను. ముందుగా సొమ్ము తీసికొన్నవాడు రెండు బాకీలు పడుచున్నాడు: వస్తువు ఒకటి, మాట ఒకటి. వస్తువు ఆలస్యము కావచ్చును, ఒక్కొక్కప్పుడు చెడిపోవచ్చును. మాట ఆలస్యమగుటకు కారణము లేదు. దానికి సిమెంటు అక్కరలేదు.

కార్యవర్గమువారికి నాదొక విన్నపము. ఈ ఉత్సవమునకును, బాలల విభాగపు గదికిని ఇప్పుడు మరల చందాలు తీసికొనుచున్నాము. మూడు నెలలకొకమారు లెక్కయు, పని ఆగినచో ఆగిన కారణమును ఈ గోడమీద వ్రాయుదుము గాక. చందాదారులైన తాము మొగమాటము విడిచి, నోరు పారవేసికొనక, అడుగుదురు గాక. నేను మరచినచో ఆ అవ్వ అడిగినట్లు అడుగుడు. ఈసారి కటువుగా బదులీయను.