గిలక పాము – దాని చలికాలపు ఇల్లు



మన రక్తపింజర మీకు తెలిసిన పామే. ఆ వైపర్ కుటుంబంలోనే, అమెరికా ఖండాలలో తప్ప మరెక్కడా సహజంగా కనిపించని గిలక పాములు, అంటే రాటిల్ స్నేక్స్ ఉన్నాయి. వాటిలో టింబర్ రాటిల్ స్నేక్ అనే అడవి జాతిని ఈనాటి పాఠానికి తీసుకుందాం. 1758లో లిన్నేయస్ దీనికి క్రోటాలస్ హారిడస్ అని పేరు పెట్టాడు. రెండవ మాటకు భయంకరమైనదని అర్థం చెబుతారు. దీని కాటు ప్రాణాంతకం కాగలదు, నిజమే. కాని స్వభావరీత్యా ఇది నిదానమైన పాము. మనిషి దగ్గరకు వచ్చినా చాలాసార్లు కదలకుండానే ఉండిపోతుంది.

తోక చివరి గిలకను లెక్కపెట్టి వయసు చెప్పవచ్చని కొందరనుకుంటారు. అది పొరపాటు. కుబుసం విడిచిన ప్రతిసారీ ఒక కెరాటిన్ వలయం చేరుతుంది, పాతవి విరిగిపోతూ ఉంటాయి.

ఇక నివాసం. అమెరికా సంయుక్త రాష్ట్రాల పటంలో తూర్పు సగం చూడండి. ఉత్తరాన న్యూ హాంప్‌షైర్ నుండి దక్షిణాన ఫ్లారిడా ఉత్తర భాగం వరకు, పడమట టెక్సాస్ తూర్పు ప్రాంతం వరకు ఇది అక్కడక్కడా ఉంది. దక్షిణాదిలో చిత్తడి అడవులలోనూ బతుకుతుంది. ఉత్తరాదిలో సంగతి వేరు. అక్కడ చలికాలంలో నేల గడ్డకడుతుంది. ఆ గడ్డకట్టే పొరకు దిగువ దాకా పోయే పగుళ్లున్న రాతి కొండవాలు కావాలి, దానికి ఎండ కూడా తగలాలి. అలాంటి చోట్లు అడవి మొత్తం మీద బహు కొద్ది. అందువల్ల పదులకొద్దీ పాములు ఒకే పగులులో శీతాకాల సుప్తావస్థ గడుపుతాయి.

వసంతంలో బయటికి వచ్చి అడవిలోకి చెదిరిపోతాయి. కూలిన చెట్టు మొద్దు పక్కన చుట్టచుట్టుకుని, గడ్డం మొద్దుకు ఆనించి, దానిమీద పరుగెత్తే ఎలుక కోసం గంటలకొద్దీ కాచుకుంటాయి. చలి మొదలవగానే మళ్లీ ఆ పాత పగులుకే చేరతాయి. ఆ ఏడు పుట్టిన పిల్లలు పెద్ద పాముల వాసన జాడ పట్టుకుని అక్కడికి వస్తాయి.

ఈ అలవాటే వాటి కొంప ముంచింది. వెర్మాంట్ రాష్ట్రంలో 1971 వరకు ఈ పామును చంపినవారికి బహుమతి సొమ్ము ఇచ్చేవారు. వేటగాడు అడవంతా గాలించనక్కరలేదు, వసంతంలో ఆ బండల దగ్గర కూర్చుంటే చాలు. ఇప్పుడు లెక్క వేయండి. ఉత్తరాది ఆడపాము తొలిసారి పిల్లలను కనేసరికి తరచు తొమ్మిది, పదేళ్లు పడుతుంది. ఆ తర్వాత మూడు నాలుగేళ్లకొకసారి, సుమారు పది పిల్లలు. వాటిలో చాలా వరకు పెద్దవి కాకముందే పోతాయి. ఒక్క ఉదయం చంపిన పాములను పూడ్చుకోవడానికి ఆ గుంపుకు దశాబ్దాలు కావాలి.

మెయిన్, రోడ్ ఐలండ్ రాష్ట్రాలలో ఇది అంతరించింది. కెనడాలో చివరిసారి కనిపించింది 1941లో. న్యూ హాంప్‌షైర్‌లో ఒక్క గుంపు మిగిలింది. అది చలికాలం గడిపే కొండవాలు ఎక్కడుందో అధికారులు బయటపెట్టరు.