నర్సింగ్ బిడ్డలకు ఫీజు ఒక్కటే చాలదు

(చంపాపేట్‌లో జరిగిన సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



స్కాలర్‌షిప్ లెక్కలు కార్యదర్శి గారు చదివి వినిపించారు. ఆ డబ్బుతో నర్సింగ్ చదువుతున్న బిడ్డల గురించి, వాళ్ళకు ఇంకా అందని ఒక సంగతి గురించి మేము మాట్లాడతాం. మేము బడిపంతులం, వైద్యులం కాము. ఆదివారాలు ఈ బిడ్డలకు ఇంగ్లీషు, సైన్సు చెబుతూ, వాళ్ళకు పని నేర్పే సిస్టర్ల పక్కన కూర్చుని తెలుసుకున్నదే చెబుతున్నాం. పొరపాటుంటే ఇక్కడున్న డాక్టర్లు, సిస్టర్లు దిద్దాలి.

పోయిన చలికాలం మా అమ్మీని ఒక ఆసుపత్రిలో చేర్చాం. దాని పేరు ఇక్కడ అనవసరం. మంచం దగ్గరి కాగితంలో శ్వాస అనే గడిలో రెండు రోజులుగా 18, 18, 18 అని రాసి ఉంది. ఇన్నేళ్ళు పరీక్ష హాళ్ళలో తిరిగిన వాళ్ళం, చూచిరాత ఎలా ఉంటుందో మాకు తెలుసు. ఎవరూ లెక్కపెట్టలేదు. పై గడి చూసి కింది గడి నింపారు.

మూడో రోజు పొద్దున ఒక నర్సింగ్ విద్యార్థిని వచ్చింది. అమ్మీకి సలాం చెప్పి, మణికట్టు పట్టుకుంది. నాడి చూసిన తర్వాత కూడా చెయ్యి వదలకుండా, గడియారం వైపు చూస్తూ, నిండా ఒక నిమిషం ఛాతీ కదలిక లెక్కపెట్టింది. 32 వచ్చింది. నమ్మకం కుదరక మళ్ళీ లెక్కపెట్టింది. వెళ్ళి సిస్టర్‌కు చెప్పింది. డాక్టర్ వచ్చారు, ఎక్స్‌రే తీశారు, న్యుమోనియా అన్నారు. అల్హమ్దులిల్లాహ్, అమ్మీ ఇంటికి వచ్చారు.

పెద్దవాళ్ళకు విశ్రాంతిగా ఉన్నప్పుడు శ్వాస నిమిషానికి 12 నుంచి 20 వరకు ఉంటుంది. లెక్కపెడుతున్నామని రోగికి తెలిస్తే ఊపిరి తీరు మారిపోతుంది. అందుకే ఆ బిడ్డ మణికట్టు వదల్లేదు. పిల్లలకు హద్దు వేరు. రెండు నెలలు దాటి ఏడాదిలోపు పసివాడికి 50 లేదా అంతకు మించితే, ఏడాది నుంచి ఐదేళ్ళలోపు 40 లేదా అంతకు మించితే, అది వేగంగా ఆడే శ్వాస. దగ్గుతో ఉన్న పిల్లవాడికి న్యుమోనియా ఉందేమోనని వెంటనే చూడాలి. ఈ అంకెలు మా బిడ్డలందరికీ నోటికి వచ్చు. ఏడుస్తున్న పిల్లవాడిని తల్లి ఒడిలో ఊరడించి, చొక్కా ఎత్తి, నిమిషం లెక్కపెట్టడం మాత్రం అందరికీ రాదు. కంఠతా పట్టడానికీ చేయడానికీ ఉన్న తేడా పంతుళ్ళమైన మాకు బాగా తెలుసు.

రోగిని పరీక్షించే పద్ధతులు నాలుగు: చూడడం, తాకడం, తట్టడం, వినడం. కింది రెప్ప లాగి లోపలి రంగు చూస్తే, నాలుక, గోళ్ళు చూస్తే, పాలిపోయారా లేదా తెలుస్తుంది. మన రాష్ట్రంలో సగానికి పైగా ఆడవాళ్ళకు రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. కాబట్టి ఇది చిన్న పని కాదు. చీలమండ పైన ఎముక మీద వేలితో కొన్ని సెకన్లు నొక్కి వదిలితే గుంట నిలిచిందంటే అక్కడ నీరు చేరినట్టు. ఇక తట్టడం అంటారా, కొత్తపేటలో పండ్ల మార్కెట్ ఉన్న రోజుల్లో మనమంతా పుచ్చకాయ తట్టి చూసి కొన్నవాళ్ళమే. 1761లో ఆయెన్‌బ్రుగ్గర్ అనే వైద్యుడు ఛాతీని తట్టి లోపలి రోగం తెలుసుకోవచ్చని రాశాడు. గాలి ఉన్నచోట ఒక శబ్దం, నీరు చేరినచోట మరో శబ్దం.

వినే పరికరం పుట్టింది హయా వల్లనే. 1816లో పారిస్‌లో లెనెక్ అనే డాక్టర్, ఒక యువతి ఛాతీ మీద చెవి పెట్టడానికి మొహమాటపడి, కాగితం గొట్టంలా చుట్టి విన్నాడు. అదే స్టెతస్కోపుకు మూలం. కాబట్టి పర్దా ఉన్న ఇంటి బిడ్డకు ఈ పని కుదరదని ఎవరైనా అంటే మనం ఒప్పుకోనక్కర్లేదు. పరదా లాగి, అనుమతి అడిగి, అవసరమైనంత మేరకే బట్ట తొలగించి పరీక్షించడం ఈ చదువులో మొదటి పాఠం.

వరుసలో కూడా నేర్పు ఉంది. పొట్టను మాత్రం చూసిన తర్వాత ముందు వినాలి, నొక్కడం చివరన. ముందే నొక్కితే పేగుల శబ్దం మారవచ్చు. బీపీ చూసే ముందు మనిషిని ఐదు నిమిషాలు కుదురుగా కూర్చోబెట్టాలి. చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి. పట్టీ బురఖా చెయ్యి మీద కాదు, ఒంటి మీద చుట్టాలి. లావు చేతికి చిన్న పట్టీ వేస్తే లేని బీపీ కూడా ఉన్నట్టు చూపిస్తుంది.

ఇంకొకటి, భాష. మన వైపు ముసలమ్మలు "గాబ్రా హోరా" అంటారు. కొత్త నర్సు దాన్ని భయం అనుకుంటుంది. అది ఆయాసం కావచ్చు, గుండెలో ఇబ్బంది కావచ్చు. ఎక్కడ, ఎప్పటి నుంచి అని అడగాలి. తెలుగు, దక్కనీ రెండూ తెలిసిన మన బిడ్డలు ఇక్కడ ఎంతో పనికొస్తారు. రోగం పేరు చెప్పడం వాళ్ళ పని కాదు. ఉన్నది ఉన్నట్టు చూసి, లెక్కపెట్టి, అంకెతో సహా పైవారికి చెప్పాలి. "పరిస్థితి బాగా లేదు" అంటే ఎవరూ కదలరు. "శ్వాస 32" అంటే కదులుతారు.

సేవ మనకు కొత్త కాదు. దైవప్రవక్త ముహమ్మద్ (స) కాలంలో హజ్రత్ రుఫైదా (రజి) మదీనాలో గుడారం వేసి గాయపడిన వాళ్ళకు చికిత్స చేశారు. మన నగరంలో 1949లో తన పరిచారిక రఫత్ ఉన్నిసా బేగం సరైన వైద్యం అందక కాన్పులో మరణిస్తే, నిలోఫర్ రాకుమారి ఆ దుఃఖంతో పూనుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో నర్సుగా శిక్షణ పొందిన మనిషి ఆమె. 1953లో రెడ్ హిల్స్‌లో నిలోఫర్ ఆసుపత్రి వచ్చింది. కానీ ఎంత పెద్ద ఆసుపత్రి కట్టినా, మంచం పక్కన నిలబడి చూసే మనిషి చేతికి నేర్పు లేకపోతే ఆ కట్టడం రోగికి పూర్తిగా అందదు.

ఇప్పుడు మా విన్నపం. మీరిచ్చే ఫీజుతో బిడ్డకు సీటు వస్తుంది. చేతికి నేర్పు మాత్రం మళ్ళీ మళ్ళీ చేస్తేనే వస్తుంది. వార్డులో ఒక రోగి చుట్టూ చాలామంది విద్యార్థినులు నిలబడితే వెనకున్న బిడ్డకు ఏమీ కనబడదు. అందుకే ఆదివారం తరగతి గదిలో ఒక అభ్యాస మూల ఏర్పాటు చేయాలనుకుంటున్నాం. ప్రతి బిడ్డకు ఒక స్టెతస్కోపు, సెకన్ల ముల్లున్న గడియారం, ఇద్దరికొక బీపీ మిషను, చిన్నా పెద్దా పట్టీలు, ఒక మంచం, ఒక పరదా కావాలి. జకాత్ సొమ్ము అర్హులైన విద్యార్థినులకే చేరాలి, అది ఫీజులకే ఉంచుతాం. ఈ సామానుకు సదఖా, అతియ్యా అడుగుతున్నాం. రిటైరైన సిస్టర్లు ఆదివారం రెండు గంటలు ఇవ్వండి. డబ్బు ఇవ్వలేని ఇళ్ళ నుంచి అక్కలు, అమ్మలు, నానీలు వచ్చి కాసేపు కూర్చోండి, చెయ్యి చాపండి. సన్న చెయ్యి, లావు చెయ్యి, ముసలి చెయ్యి అన్నీ చూస్తేనే బిడ్డకు పని వస్తుంది.

రోగి ఒళ్ళు నర్సు చేతిలో అమానత్. కొలవకుండా అంకె రాయడం ఆ అమానత్‌లో ఖియానత్. మన డబ్బుతో చదివిన ఏ బిడ్డా అలాంటి అంకె రాయకూడదు. ఆ శక్తి వాళ్ళకు, ఆ తౌఫీఖ్ మనకు అల్లాహ్ ప్రసాదించుగాక. ఆమీన్.