మాసిన రెక్సిన్, వెలిసిన రెక్సిన్



నేడు నేను ప్రసంగింపబూనిన విషయము స్వల్పముగా దోచవచ్చును. పాత మోటారుకారుల ఆసనములను శుభ్రపరచు విధానమే యా విషయము. బడిపిల్లలకు వ్యాకరణము చెప్పి విశ్రమించినవానికి కారుతో నేమి పనియని మీరడుగవచ్చును. ఈ పనికి చేయి పెట్టుటకు ముందు రెండు తెలుగు మాటల భేదము తెలిసియుండవలెను. అందుచేత నీ చనువు గైకొంటిని.

ఆ మాటలు మాయుట, వెలియుట. బట్ట మాసినదందుము, అనగా వెలుపలినుండి మురికి వచ్చి చేరినది. రంగు వెలిసినదందుము, వాన వెలిసినదనియు నందుము. ఈ రెండింటను ఉండినది పోయినదనియే భావము. చేరినదానిని కడిగివేయవచ్చును, పోయినదానిని కడిగి తేజాలము. ఈ భేదమెరుగక తోముటచేతనే పెక్కు ఆసనములు చెడుచున్నవి.

అమీరుపేటనుండి పంజగుట్టకు పోవు దారిని చూడుడు. పైన మెట్రోరైలు, క్రింద ఎడతెగని బండ్ల వరుస. ఆ వరుసలో నెప్పుడైన నొక అంబాసిడరుగాని, ప్రీమియర్ పద్మినిగాని కనబడును. అంబాసిడరు 1950వ దశకము చివర మొదలై 2014 వరకు బెంగాలునందలి ఉత్తరపారాలో తయారైనది. పద్మిని తయారీ అంతకు ముందే నిలిచినది. ఇక క్రొత్తవి రావు. 2021లో కేంద్రప్రభుత్వము చేసిన నియమముల ప్రకారము, 50 ఏండ్లు దాటి అసలు రూపమున నిలిచిన కారు వింటేజి వాహనముగా నమోదు కాగలదు. కావున నున్నవానిని ఉన్నట్లు కాపాడుకొనుటయే మేలు.

ఆ కారుల ఆసనములపై తొడుగును మనము రెక్సిన్ అందుము. అది మొదట ఇంగ్లండునందు, నైట్రోసెల్యులోజు పూసిన గుడ్డకు పెట్టిన వ్యాపారనామము. తరువాత వచ్చిన వినైలునకును మన దేశమున ఆ పేరే నిలిచినది. వినైలు స్వభావముచే కఠినము. 1926లో అమెరికాయందు వాల్డో సెమన్ అను రసాయనజ్ఞుడు తగిన ద్రవములను చేర్చి దానిని మెత్తపరచు మార్గము కనిపెట్టెను. మెత్తదనమిచ్చు ఆ ద్రవము ఎండవేడికి మెల్లమెల్లగా వెలికివచ్చి యావిరియగును. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణములు రంగును హరించును. కారు అద్దములు వానిని కొంత యాపినను పూర్తిగా నాపజాలవు. మన వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటిననాడు, తలుపులు మూసి వీథిలో నిలిపిన కారులోపలి వేడి గంటసేపటిలో మరి 20 డిగ్రీలు పెరుగగలదు. ఇట్లు దశాబ్దములు గడచిన రెక్సిన్ వెలిసి, బిరుసెక్కి, కుట్లయొద్ద చిట్లును.

అమీరుపేట సందులలో నివసించు నా పూర్వశిష్యుని యింట, తండ్రి నడిపిన అంబాసిడరు కలదు. తండ్రి గతించిన పిదప కుమారుడు ఆసనములన్నియు విప్పించి క్రొత్త తొడుగులు వేయింపదలచెను. తల్లి యొప్పుకొనలేదు. "కడిగియైన చూడక పారవేయుట యేల?" యని యామె ప్రశ్న. అప్పుడు వారికి చెప్పిన క్రమమే మీకును చెప్పుచున్నాను.

మొదట ఆసనపు మడతలలో, ఎండ సోకనిచోట, అసలు రంగెట్టిదో చూడవలెను. పిదప తెల్లని గుడ్డను సబ్బునీట తడిపి పిండి, మరుగుననున్న చోట మెల్లగా తుడువవలెను. గుడ్డకు నల్లని మురికి యంటినచో నది మాసినది. ఆసనపు రంగే యంటినచో నది వెలియుచున్నది. అక్కడ చేయి ఆపవలెను.

కారును నీడయందు నిలిపి తలుపులు తెరచి, ముందుగా దుమ్మును మెత్తని బ్రష్షుతో దులుపవలెను. లేనిచో నిసుక రేణువులు గీతలు పెట్టును. లీటరు గోరువెచ్చని నీటికి చెంచాడు గాఢతలేని ద్రవపు సబ్బు చాలును. జానెడు చోటు చొప్పున మృదువుగా రుద్ది, వెంటనే తడిగుడ్డతోను, పిమ్మట పొడిగుడ్డతోను తుడువవలెను. నీరు కుమ్మరింపరాదు, అది కుట్ల రంధ్రములగుండ స్పాంజిలోనికి దిగి బూజు పట్టించును.

పెట్రోలు, థిన్నరు, గోళ్లరంగు తుడుచు ద్రవము, బ్లీచింగు పొడి తాకింపరాదు. మొదటి మూడును రెక్సిన్‌లో మిగిలిన మెత్తదనమును లాగివేయును, అగ్నిభయము వేరు. కొబ్బరినూనె పూసిన నాటికి నిగనిగలాడును గాని, మరునాటినుండి దుమ్మును పట్టును. పోయిన ద్రవము దానివలన తిరిగిరాదు.

నిజముగా వెలిసినదానికి, శుభ్రపరచి ఆరిన పిదప, వినైలుకై చేసిన రంగును పలుచని పూతలుగా వేయవచ్చును. చిట్లినచోటిని రంగు అతుకజాలదు. ఆ ముక్కను మాత్రము మార్పించి తక్కినది నిలుపుకొనవలెను.

ఆ యింట మూడు దినములు ఉదయపువేళ పని సాగినది. వెనుక ఆసనము మాసినదే; దాని లేతనీలి రంగు తేటపడినది. ముందు ఆసనమున, తండ్రి వీపు ఆనినచోట, రంగు వెలిసియుండెను. కుమారుడు రంగు డబ్బా తెచ్చెను. తల్లి యా చోటు చాలసేపు చూచి, "దీని నిట్లే యుండనిమ్ము నాయనా" యనెను. ఆ డబ్బా మూత నేటికిని తీయలేదు.

కడుగుటకన్న కాపాడుట సులభము. నీడ దొరకనిచోట ముందద్దమునకు అడ్డుతెరయు, ఆసనములపై నొక నూలు దుప్పటియు చాలును. మురికి మరల వచ్చును, మరల కడుగవచ్చును, రంగట్లు కాదు. ఈ పాటి చెప్పి సెలవు గైకొనుచున్నాను.