పాత ఇనుప పెంకలను తూకమునకు అమ్మవలదు

(ధామన్కర్ నాకా యందు మన కుటుంబముల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నేటి మా మాట వంటయింటిని గూర్చినది. వర్తకులము గనుక నూలు ధరలను గూర్చి మాటలాడుదుమని తలంచి వచ్చిన పెద్దలు మన్నింతురుగాక. ఇందు ధర సంగతియు కొంత గలదు.

కొంతకాలముగా మన భివండిలో పాత సాంచెలు తుక్కు క్రింద అమ్ముడుపోవుట మీరెల్లరు చూచుచున్నదే. సాంచె ప్రక్క చట్రములు పోత ఇనుముతో చేసినవి. బండి వచ్చి వానిని తూచునప్పుడు, ఇంటివారు అటుకమీది పాత పెంకను, మూకుడును గూడ దింపి అదే తక్కెడలో పెట్టుచున్నారు. సాంచె సంగతి వేరు. అది నడువనిచో కూడు పెట్టదు, పైగా చోటును తినును. పెంక పొయ్యిమీద పెట్టిన మరుక్షణము పని చేయును. ఇచటివారు తుక్కును భంగార్ అందురు. ఒత్తు తీసివేసినచో మన బంగారమగును; కాని బండివాడు ఒత్తుతోనే వెల కట్టును!

కోనసముద్రపు ఉక్కును పారశీక వర్తకులు వచ్చి కొనిపోయిరని మనవారు వేదికలపై గర్వముగా చెప్పుకొందురు. అది నిజమే. ఆ ఉక్కు కత్తులకు పోయినది, రొట్టెల పెంకలకు కాదు. ఇనుమును ఎఱిగిన సీమనుండి వచ్చిన మనము ఇంటిలోని ఇనుమును కిలో లెక్కన ఇచ్చివేయుట మాత్రము వింతగా నున్నది. ఇత్తడి బిందెలపై పేర్లు చెక్కించితిమి, పెంకపై ఎవరును చెక్కింపలేదు. అందుచేతనే కాబోలు, అది ఎవరిదియు కాకుండ పోయినది.

పాత ఇనుప పాత్రలలో రెండు జాతులు గలవు. కమ్మరి సాగగొట్టినది పలుచన, పడినచో సొట్ట పోవును. ఇసుక అచ్చులో కరగిన ఇనుము పోసి చేసినది మందము, పడినచో పగులును. దీనినే మరాఠీవారు బీడు అందురు. బజారున బిడాచా తవా అని అడిగినచో ఇదియే ఇత్తురు. నెమ్మదిగా కాగి, కాగిన వేడిని చాలసేపు నిలుపుకొనును. జొన్నరొట్టెకు, అట్టుకు, సర్వపిండికి కావలసిన గుణమిదియే.

ఇంతకు మించినది మన ఆడువారి ఆరోగ్యము. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము దేశమున 15 మొదలు 49 ఏండ్లలోపు స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత గలదు. 1999లో లాన్సెట్ అను వైద్యపత్రికలో వెలువడిన ఇథియోపియా పరిశోధనలో, అల్యూమినియపు పాత్రలలో వండిన ఇండ్ల పిల్లలకంటె ఇనుప పాత్రలలో వండిన ఇండ్ల పిల్లలకు రక్తము మెరుగుపడినట్లు తేలినది. పెంక మందునకు మారు కాదు. వైద్యుడు మాత్రలు వ్రాసినచో మ్రింగవలసినదే. తలసీమియా వంటి వ్యాధి గలవారు ముందుగా వైద్యుని అడుగవలెను.

త్రుప్పు పట్టినదని పారవేయవలదు. త్రుప్పు తరచు పైపొర మాత్రమే. ఇటుకపొడి, కొబ్బరిపీచు గైకొని పొడిగా రుద్దవలెను. మొండి త్రుప్పునకు పలుచని చింతపండు రసము పోసి అరగంట యుంచి రుద్దవలెను. రాత్రియంతయు నానబెట్టినచో పులుపు త్రుప్పుతో ఆగక ఇనుమును గూడ తినును. కడిగిన వెంటనే తుడిచి సెగపై ఆరబెట్టవలెను. మన వానకాలమున గాలికి వదలినచో చూచుచుండగనే మరల ఎఱ్ఱబారును. వేడిగా నున్నప్పుడే పల్లీనూనె లోపల, వెలుపల పూసి, పిమ్మట పొడిగుడ్డతో నూనె అసలే పూయలేదన్నట్లు తుడిచివేయవలెను. చాలమంది తప్పునది ఇచటనే. నూనె మిగిలినచో జిగురు కట్టును. తరువాత కిటికీ తెరచి, పొగ వచ్చి తగ్గువరకు కాచి, తనంతట చల్లారనీయవలెను. ఇట్లు నాలుగైదు మారులు చేసినచో నూనె గట్టిపడి నల్లని పొరగా అంటుకొనును. అట్టు చెదరక లేచునది ఆ పొరవలననే. మొదటి దినములలో దానియందు గారెలో సకినాలో వేయించుట మంచిది. టెఫ్లాను పూతకు 260 డిగ్రీలు దాటిన వేడి పనికిరాదు, గీతలు పడినచో మరల పూయుట ఇంటిలో సాధ్యము కాదు. మన నల్లపొర పోయినచో మరల వేసికొనవచ్చును.

కాగిన పెంకపై చన్నీరు చల్లవలదు, పగులును. పులుసు వండినచో వెంటనే వేరు గిన్నెలోనికి తీయుడు, లేనిచో పొర కరగి కూరకు ఇనుపవాసన పట్టును. భంగార్ దుకాణమున ఊరుపేరు లేని మూకుడు దొరికినదని మురియవలదు. దానిలో ఎవరైన సీసము కరగించి యుండవచ్చును, అది కడిగినను నమ్మరాదు. మీ తల్లులు, అత్తలు వండగా చూచిన పాత్రలకే మా మాట వర్తించును.

పెంకను వ్రేలాడదీసి కొయ్యతో తట్టిచూడుడు. ఖంగుమన్నచో మంచిది, బొంగురుగా పలికినచో పగులున్నది. వచ్చు ఆదివారము ఉదయము మంచివానిని ఇచటికి తెండు. పీచు, ఇటుకపొడి, నూనె, పొయ్యి మేము సిద్ధపరచెదము. రుద్దుటకు పడుచువాండ్రను వెంట తెచ్చుట మరువవలదు.