జొన్నరొట్టె, మెగ్నీషియం, దిగులు



నేను మానసిక వైద్యుణ్ణి. ఈమధ్య చాలామంది అడుగుతున్నారు: "డాక్టర్ సాబ్, డిప్రెషన్‌కు మెగ్నీషియం గోళీలు ఏసుకుంటే సరిపోతదా?" సరిపోదు. కానీ ఆ ప్రశ్నను కొట్టిపారేయలేం.

మన మెదడులో గ్లూటమేట్ అనే రసాయనం నాడీకణాలను ఉత్తేజపరుస్తుంది. అది పనిచేసే ఒక రకం ద్వారాలకు మెగ్నీషియం గడియలా అడ్డం ఉండి, అవసరమైనప్పుడే తప్పుకుంటుంది. మెగ్నీషియం తగ్గితే కణాలు అతిగా ఉత్తేజపడతాయి. దీనికీ దిగులుకూ లంకె ఉందేమోనని పరిశోధకులు చూస్తున్నారు. 2017లో అమెరికాలోని వెర్మాంట్ విశ్వవిద్యాలయం వాళ్లు ఒక పరీక్ష ఫలితాలు ప్రచురించారు. స్వల్పంగానో ఒక మోస్తరుగానో డిప్రెషన్ ఉన్న 126 మందిని తీసుకుని, ఆరు వారాలు రోజుకు 248 మిల్లీగ్రాముల మెగ్నీషియం ఇచ్చి చూశారు. లక్షణాలు బాగానే తగ్గాయి. అయితే ఉత్తుత్తి గోళీతో పోల్చి చూడలేదు. తాము ఏం మింగుతున్నారో వాళ్లకు తెలుసు. ఆ నమ్మకం కూడా కొంత పనిచేసి ఉండొచ్చు. అందుకే మందులు ఆపి ఇది వేసుకోమని నేను ఎవరికీ చెప్పను.

తిండి మాత్రం మార్చుకోమంటాను. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల్లో చూడండి: 100 గ్రాముల జొన్నల్లో మెగ్నీషియం సుమారు 133 మిల్లీగ్రాములు, పాలిష్ పట్టిన బియ్యంలో 19. మగవాళ్లకు రోజుకు 440, ఆడవాళ్లకు 370 కావాలని 2020లో ఆ సంస్థే లెక్క చెప్పింది. మన వెలిమెల పక్కన పటాన్‌చెరులో ఇక్రిశాట్ అనే పంటల పరిశోధన సంస్థ 1972 నుంచి జొన్న, సజ్జల మీద పనిచేస్తోంది. ఆ నీడలో ఉన్న మన టిఫిన్ డబ్బాల్లో మూడు పూటలా తెల్లన్నమే కనిపిస్తే నాకు బాధగా ఉంటుంది. ఒక పూట రెండు జొన్నరొట్టెలు, తోటకూర, గుప్పెడు పల్లీలు, కాస్త నువ్వుల పొడి పెట్టుకోండి. కిడ్నీ జబ్బున్నవాళ్లు మాత్రం మెగ్నీషియం గోళీలు సొంతంగా వాడొద్దు. అది ఒంట్లో పేరుకుంటే గుండెకే ముప్పు.

రెండు వారాలు దాటినా దిగులు వదలకపోతే, నిద్ర పట్టకపోతే, బిడ్డల ముద్దుముచ్చట్లు కూడా పట్టకపోతే డాక్టర్‌కు చూపించండి. చచ్చిపోతానన్న మాట నోట వస్తే తెల్లారేదాకా ఆగొద్దు, ఆ మనిషిని ఒంటరిగా వదలొద్దు. 14416 టెలిమానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబర్. పైసా ఖర్చు లేదు, ఏ రాత్రయినా తెలుగులో మాట్లాడతారు. ఇప్పుడే మీ ఫోన్లలో రాసుకోండి, నేను ఆగుతాను.