ఆకాశంలో నడిచే చుక్క



మిరపకాయలు కల్లంలో ఎండేటప్పుడు రాత్రిళ్లు కాపలా పడుకుంటారు కదా. అప్పుడు ఆకాశంలో ఒక చుక్క నడిచిపోవడం చూసే ఉంటారు. చప్పుడు ఉండదు. మిణుకు మిణుకుమనదు. ఒకే వేగంతో నింపాదిగా పోతుంది. అది దయ్యం కాదు. అపశకునం కాదు. మనుషులు చేసి పైకి పంపిన ఉపగ్రహం.

తెలియనప్పుడు భయం ఎంత పని చేస్తుందో ఊళ్లో పెద్దవాళ్లను అడగండి. స్కైలాబ్ సంగతి చెబుతారు. స్కైలాబ్ అమెరికావాళ్ల అంతరిక్ష కేంద్రం. 1973లో పైకి పంపారు. బరువు 70 టన్నులకు పైనే. 1979లో అది కింద పడబోతోందని రేడియోలో, పేపర్లలో వచ్చింది. ఎక్కడ పడేదీ ముందుగా కచ్చితంగా చెప్పలేకపోయారు. దాంతో తెలుగు పల్లెల్లో పుకార్లు లేచాయి. ఇక బతకమనుకుని కొందరు కోళ్లనూ మేకలనూ కోసుకు తిన్నారు. కొందరు గొడ్డూ గోదా అయినకాడికి అమ్మేశారు. చివరికి ఏమైంది? జూలై 11న స్కైలాబ్ ముక్కలై హిందూ మహాసముద్రంలో, ఆస్ట్రేలియా పడమటి భాగంలో పడింది. ఒక్క మనిషికీ దెబ్బ తగల్లేదు. తెల్లారాక మనుషులంతా ఉన్నారు. అమ్ముకున్న గొడ్లే లేవు.

ఇప్పుడు ఆకాశంలో తిరిగేవాటిలో అన్నిటికంటే పెద్దది అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం. నేలకు సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. గంటన్నరకు ఒకసారి భూమిని చుట్టి వస్తుంది. 2000 నవంబరు నుంచి అందులో ఎప్పుడూ మనుషులు ఉంటూనే ఉన్నారు. 2025 జూన్‌లో మన దేశం మనిషి శుభాంశు శుక్లా అక్కడికి వెళ్లి, జూలైలో తిరిగొచ్చారు.

అది ఎలా మెరుస్తుంది? పొద్దుగుంకి కిందంతా చీకటి పడ్డా, కొండ కొస మీద కాసేపు ఎండ ఉంటుంది. ఇదీ అంతే. మనకు చీకటి పడ్డా, అంత ఎత్తున దాని మీద ఎండ పడుతూనే ఉంటుంది. అందుకే చీకటి పడ్డాక కాసేపు, తెల్లవారుజామున కాసేపు కనబడుతుంది. ఒక్కోసారి నడి ఆకాశంలోనే మాయమవుతుంది. కూలిపోయిందనుకోవద్దు. భూమి నీడలోకి పోయిందన్నమాట.

ఎలా గుర్తుపట్టాలి? దీపాలు వెలిగి ఆరుతుంటే అది విమానం. గీత గీసినట్టు మెరిసి క్షణంలో ఆరిపోతే ఉల్క. అంతరిక్ష కేంద్రం పడమటి వైపు నుంచి వచ్చి తూర్పు వైపుకు పోతుంది. అయిదారు నిమిషాలకు మించి కనపడదు. చుక్కలు దండ గుచ్చినట్టు వరసగా పోతుంటే కంగారు పడొద్దు. అవి స్టార్‌లింక్ ఇంటర్నెట్ ఉపగ్రహాలు. 2019 నుంచి వాటిని గుంపులుగా పంపుతున్నారు.

ఫోటో కూడా తీయొచ్చు. ఎప్పుడు వస్తుందో నాసావారి 'స్పాట్ ది స్టేషన్' యాప్‌లో చూసుకోండి. వీధిదీపం పడని చోట, డాబా పిట్టగోడ మీద ఫోను కదలకుండా నిలబెట్టండి. ఫ్లాష్ ఆపండి. షట్టర్‌ను 10 సెకన్లకు పెట్టండి. చెయ్యి తగిలి అదరకుండా టైమర్ వాడండి. ఫోటోలో చుక్క రాదు, తెల్లటి గీత వస్తుంది. ఎందుకని? ఆ కేంద్రం సెకనుకు ఏడున్నర కిలోమీటర్లకు పైనే పోతుంది. నరసరావుపేట నుంచి మాచర్లకు ఉన్నంత దూరం పది సెకన్లలో దాటేస్తుంది. మీ ఫోటోలో గీత అంత పొడుగన్నమాట!

ఈ కేంద్రం కూడా పాతబడుతోంది. 2030 తర్వాత దాన్ని జనం లేని సముద్రంలో దించాలని నాసా అనుకుంటోంది. అందుకు కావలసిన వాహనం తయారీ పనిని 2024లో ఒక కంపెనీకి అప్పగించింది. ఆ రోజులొచ్చినప్పుడు మళ్లీ పుకార్లు లేస్తాయి. ఈసారి రేడియోలో కాదు, చేతిలో ఫోనులోనే వస్తాయి.

అందుకే చుక్కను చూసిన ప్రతిసారీ నోటుబుక్కులో రాయండి. తేదీ, టైము, ఏ దిక్కు నుంచి ఏ దిక్కుకు పోయిందో రాయండి. పుకారు వస్తే ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, ఎక్కడ రాశారు అని అడగండి. జవాబు దొరికేదాకా గొడ్డును గాటనే ఉంచండి.