ఈ మాత్ర ఇంకా ఎందుకు?
(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం గురించి మాట్లాడమన్నారు. నేను డాక్టర్ని కాను. ముప్పై రెండేళ్లు ఆడిట్‌లో పనిచేసినవాణ్ణి. వోచరు లేనిదే ఒక్క రూపాయి ఖర్చు కూడా పాస్ చేయలేదని పేరు. ఆ పేరు ఎలా పోయిందో చెబుతాను.

2003లో రిటైరయ్యే ముందు పరీక్షలు చేయించుకుంటే, డాక్టరుగారు రోజుకొక చిన్న ఆస్పిరిన్ రాశారు. గుండెకు మంచిదన్నారు. నాకు గుండెజబ్బు లేదు. అయినా పదహారేళ్లు వేసుకున్నాను. లెక్క వేస్తే 5,800 మాత్రలకు పైమాటే. మధ్యలో ముగ్గురు డాక్టర్లు మారారు. ముగ్గురూ పాత చీటీ చూసి "ఇవే వాడండి" అన్నారు. నేనూ తల ఊపాను.

2019లో ఒక తెల్లవారుజామున తారులాంటి నల్లటి విరేచనమై, కళ్లు తిరిగి బాత్రూంలో పడిపోయాను. కడుపులో పుండు పడి రక్తం కారుతోందన్నారు. రెండు యూనిట్ల రక్తం ఎక్కించారు. మా ఆవిడ ఆ రాత్రంతా ఆసుపత్రి వరండాలో బెంచీ మీదే కూర్చుంది.

మర్నాడు మా మనవరాలి వయసున్న డాక్టరమ్మ వచ్చింది.

"తాతగారూ, మీకెప్పుడైనా గుండెపోటు వచ్చిందా? స్టెంటు వేశారా? పక్షవాతం?"

"ఏవీ లేవమ్మా."

"మరి ఆస్పిరిన్ ఎందుకు వేసుకుంటున్నారు?"

"2003లో రాశారమ్మా."

అంతకంటే జవాబు లేదు నా దగ్గర. మా ఆఫీసులో ఎవరైనా ఇలాంటి జవాబు చెబితే నేను ఊరుకునేవాణ్ణా?

ఆ అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. ఆస్ట్రేలియా, అమెరికాలలో గుండెజబ్బు లేని 19 వేలమందికి పైగా వృద్ధులలో సగంమందికి ఆస్పిరిన్, సగంమందికి మందులేని మాత్ర ఇచ్చి, ఐదేళ్లకు కాస్త తక్కువగా గమనించారట. 2018లో ఫలితాలు వచ్చాయి. గుండెకు చెప్పుకోదగ్గ మేలు కనబడలేదు. తీవ్ర రక్తస్రావం మాత్రం మందులేని మాత్ర వేసుకున్నవారిలో వెయ్యికి 28 మందికైతే, ఆస్పిరిన్ వాడినవారిలో 38 మందికి. 2003లో రాసిన డాక్టరుగారిని నేను తప్పుపట్టను. అప్పుడు తెలిసింది అది. తెలిసింది మారాక కూడా చీటీ మారకపోవడమే నా ఫిర్యాదు. అందులో నా వాటా కూడా ఉంది.

నా పుండులో హెలికోబాక్టర్ అనే క్రిమి కూడా దొరికింది. మా పాత సూపరింటెండెంటుగారు అల్సరుతో ఏళ్లతరబడి పాలు, మజ్జిగన్నంతో బతికారు, చివరికి కడుపులో కొంత భాగం కోయించుకున్నారు. కారం, దిగులు మానమనేవారు ఆయన్ని. (ఆడిట్‌లో దిగులు మానడం ఎలాగో ఎవరూ చెప్పలేదు.) చాలా అల్సర్లకు కారణం క్రిమి అని పెర్త్ నగరంలో వారెన్, మార్షల్ అనే ఇద్దరు డాక్టర్లు చెబితే, కడుపులో ఆమ్లంలో క్రిమి బతకదని పెద్దలు కొట్టిపారేశారు. 1984లో మార్షల్ ఆ క్రిములను తానే తాగి జబ్బు తెచ్చుకున్నాడు. వారికి నోబెల్ వచ్చింది 2005లో. నాకు రెండు వారాల మందులతో నయమైంది.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. గుండెపోటు వచ్చినవారు, స్టెంటు ఉన్నవారు నా మాట విని ఇంటికెళ్లి ఆస్పిరిన్ ఆపకండి. ప్రమాదం. వారికి అది అవసరమైన మందు. ఎవరైనా సరే, అడగాల్సింది మీ డాక్టరుగారినే.

నేనిప్పుడు అడుగుతున్నాను. పోయిన నెల చీటీలో ఆరు మందులుంటే ఒక్కొక్కటీ ఎందుకని అడిగాను. డాక్టరుగారు కళ్లజోడు తీసి నన్నొకసారి చూశారు. తర్వాత పెన్ను తీసి రెండు కొట్టేశారు. మిగతా నాలుగూ ఎందుకో చెప్పారు, మా ఆవిడ చీటీ వెనక రాసుకుంది.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. సెలవు.